చేపల తొట్టికి రేపటి నీళ్లు



మీ ఇంట్లో చేపల తొట్టి ఉందా? లేకపోతే రేపోమాపో రావచ్చు. ఈ మధ్య పుట్టినరోజు పార్టీల్లో పెన్సిల్ బాక్సులకు బదులు గాజు గిన్నెలో చేపను పెట్టి రిటర్న్ గిఫ్ట్‌గా ఇస్తున్నారు. కుక్కపిల్ల కావాలని మారాం చేసే పిల్లలకు, ‘అపార్ట్‌మెంట్‌లో కుక్కెందుకు, చేపలు తెచ్చుకుందాంలే’ అని మనమే రాజీ కుదురుస్తాం. అలా వచ్చిన తొట్టితో పాటు లైటు, ఫిల్టరు, రంగురాళ్లు, మేత డబ్బా అన్నీ షాపువాళ్లే ఇస్తారు. నీళ్లు మాత్రం మనమే చూసుకోవాలి.

మా ఇంట్లో రెండేళ్లుగా రెండడుగుల తొట్టి ఉంది. అందులో కొన్ని గప్పీలు, కొన్ని టెట్రాలు ఉన్నాయి. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయే వాటి బాగోగులు చూస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లంతా తొట్టి ముందు నిలబడి చేపల్ని చూస్తారు. దాని పక్కన, తలుపు మూలన పల్చటి గుడ్డ కట్టి ఉన్న రెండు ప్లాస్టిక్ డబ్బాల్ని ఎవరూ చూడరు. నేను మీకు చెప్పాలనుకుంటున్నది ఆ రెండు డబ్బాల సంగతి. చేపలకు మేత వేయడం ఐదేళ్ల పిల్లలకు కూడా వచ్చు. చేపలకు కావలసిన నీళ్లను ఒక రోజు ముందే సిద్ధం చేసి పెట్టడంలోనే అసలు పెంపకమంతా ఉంది. మా ఇంట్లో అందరం దాని నుంచి ఎంతో కొంత నేర్చుకున్నాం.

చారు మరిగితే ఉప్పెందుకు ఎక్కువవుతుంది?

తొట్టిలో నీళ్లు రోజూ కొంచెం తగ్గుతాయి. ఫ్యాను గాలికీ ఎండాకాలపు వేడికీ ఆవిరైపోతాయి. తగ్గినన్ని పోసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగి చూడండి. పొయ్యి మీద చారు మరిగీ మరిగీ సగమైతే రుచి ఏమవుతుంది? ఉప్పన అవుతుంది. మనం కొత్తగా ఉప్పేమీ వేయలేదు. నీళ్లు ఆవిరైపోయాయి, ఉప్పు గిన్నెలోనే ఉండిపోయింది. దాన్ని సరిచేయడానికి మంచినీళ్లు పోస్తాం గానీ ఉప్పునీళ్లు పోయం కదా!

చేపల తొట్టిలో జరిగేది కూడా ఇదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. పాఠ్యపుస్తకంలో కఠిన జలం అని ఉండేది వీటినే. బకెట్ అంచున తెల్లగా పేరుకునే పొర, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం, గీజర్ కాయిల్ పాడవడం అన్నీ వాటి పనే. నీళ్లు ఆవిరైనప్పుడల్లా అదే బోరు నీటితో నింపుతూ పోతే పాత లవణాలకు కొత్తవి తోడవుతాయి.

మా అమ్మాయి లెక్క చెబుతాను. తొట్టి పొడవు 60 సెం.మీ., వెడల్పు 30 సెం.మీ. అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 1,800 ఘన సెంటీమీటర్లు, అంటే 1.8 లీటర్లు తగ్గినట్టు. గాజు మీద మార్కరుతో ఒక గీత గీసి, స్కేలు అతికించి రోజూ సాయంత్రం చూసి రాసుకుంది. మే నెలలో మా హాల్లో రోజుకు అర సెంటీమీటరు తగ్గుతోంది. రోజుకు 0.9 లీటరు, వారానికి 6.3 లీటర్లు. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లతో దాన్ని నింపితే, వారానికి దాదాపు 3.8 గ్రాముల లవణాలు తొట్టిలో చేరతాయి. తొట్టిలో ఉన్నది సుమారు 50 లీటర్ల నీరు. అంటే వారం తిరిగేసరికి లీటరుకు మరో 75 మిల్లీగ్రాములు, నెల తిరిగేసరికి 300 మిల్లీగ్రాములు పెరుగుతాయి. చూడ్డానికి నీళ్లు తేటగానే ఉంటాయి. గప్పీలు కొంతవరకు ఓర్చుకుంటాయి గానీ, మెత్తటి నీళ్లకు అలవాటుపడిన టెట్రాల వంటి చేపలు నీరసిస్తాయి.

అందుకని నీళ్లు నింపడం, నీళ్లు మార్చడం వేర్వేరు పనులని మొదట గుర్తుపెట్టుకోవాలి. ఆవిరైన దాన్ని నింపడానికి లవణాలు తక్కువున్న నీళ్లు కావాలి. బోరు నీళ్లు గట్టిగా ఉన్న ఇళ్లలో దానికి వంటింటి ఆర్.ఓ. నీళ్లు సరిపోతాయి. వారానికోసారి నీళ్లు మార్చడం వేరు. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లడం వల్ల చేరిన మలినాలను బయటికి తీయడానికి, ఐదో వంతు నీళ్లను గొట్టంతో లాగేసి, దాదాపు అదే రకం కొత్త నీళ్లు పోస్తాం. దీనికి పూర్తిగా ఆర్.ఓ. నీళ్లే వాడకూడదు. చేపలకు కూడా కొన్ని ఖనిజాలు అవసరం. ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీటిని మాత్రం రెండింటికీ వాడొద్దు. యంత్రం వేరుచేసిన లవణాలన్నీ ఉండేది అందులోనే. వాటిని ఇల్లు తుడవడానికి ఉంచుకోండి.

మనకు రక్ష, చేపకు శిక్ష

‘నల్లా నీళ్లు నేరుగా పోస్తే ఏమవుతుంది? మనం తాగే నీళ్లే కదా!’ అని మీరు అడగవచ్చు. మా పక్క ఫ్లాటు వాళ్లు కూడా ఇదే అడిగారు.

1908లో మూసీకి వచ్చిన వరద తర్వాత హైదరాబాద్‌కు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయ్యాయి. అప్పట్లో ఊరి నీళ్లు ఊరి పక్క నుంచే వచ్చేవి. ఇప్పుడు కృష్ణ, గోదావరి నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి మన నల్లాల్లోకి వస్తున్నాయి. విజయవాడ వాళ్లకు కృష్ణ, రాజమహేంద్రవరం వాళ్లకు గోదావరి ఊళ్లోనే ఉన్నా, ఆ నీళ్లు కూడా శుద్ధి కేంద్రం దాటి, పైపులు దాటి, మేడ మీది ట్యాంకు దాటి రావలసిందే. ఈ దారిలో ఎక్కడా క్రిములు చేరకుండా క్లోరిన్ కలుపుతారు. ఇల్లు చేరేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతోంది. నీటి సరఫరా సిబ్బంది క్లోరోస్కోప్ అనే చిన్న పరికరంలో నీళ్లు పోసి, చుక్కల మందు వేసి, పసుపు రంగు వస్తోందో లేదో చూసేది ఇందుకే.

కలరా, టైఫాయిడ్ నుంచి మన పిల్లల్ని కాపాడేది ఆ క్లోరినే. అదే క్లోరిన్ చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. మనం నీళ్లు తాగితే అవి కడుపులోకి పోతాయి. చేపకు అలా కాదు. అది ఊపిరి పీల్చేదే ఆ నీళ్లలో. పైగా ఫిల్టరు స్పాంజిలో కంటికి కనపడని మంచి బ్యాక్టీరియా కాపురముంటుంది. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను అది ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ చేపలకు విషం. నైట్రేట్‌ను అవి చాలావరకు తట్టుకుంటాయి. క్లోరిన్‌కు మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అనే తేడా లేదు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. క్లోరిన్ వాయువు కాబట్టి, నీళ్లను మూతి తెరిచి ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచితే అదే గాల్లోకి పోతుంది. ఎయిర్ పంపుతో బుడగలు వదిలితే ఇంకా త్వరగా పోతుంది. కొన్ని ఊళ్లలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడతారు. అది అంత తేలికగా పోదు కాబట్టి షాపుల్లో దొరికే మందు చుక్కలు వేయాల్సిందే. మా వైపు ఆ అవసరం లేదు. అత్యవసరానికి ఒక సీసా ఉంచుకున్నాం గానీ, మామూలు రోజుల్లో డబ్బా నీళ్లలో మందు వేయం. దీనివల్ల కలిగిన మేలు తర్వాత చెబుతాను.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కదా, వాటినీ నిల్వ ఉంచాలా? ఉంచాలి. భూమి లోతుల్లోంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండవచ్చు. ఒక రోజు గాలి తగిలితే రెండూ సర్దుకుంటాయి, పీహెచ్ కూడా నిలకడపడుతుంది. ట్యాంకరు నీళ్లయితే ఇంకా జాగ్రత్త అవసరం. ఈ వారం ట్యాంకరు ఏ బోరు నుంచి వచ్చిందో, వచ్చే వారం ఏ బోరు నుంచి వస్తుందో మనకు తెలియదు. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. డబ్బా నింపిన రోజు దాన్ని ముంచి అంకె చూసి రాసుకుంటే చాలు.

వేడి సంగతి కూడా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు చేతికే చురుక్కుమంటాయి. ఇంట్లో ఒక రాత్రి ఉన్న నీళ్లు తొట్టిలోని నీళ్లంత చల్లగా అవుతాయి. అప్పుడు పోస్తే చేపలు బెదరవు.

రెండు డబ్బాల పద్ధతి

మేం ఎలా నిల్వ చేస్తామో చెబుతాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

వెలుతురు దూరని 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు రెండు కొత్తవి కొన్నాం. తాగే నీళ్లకూ తినే పదార్థాలకూ పనికొచ్చే రకం అడిగి తీసుకోవాలి. పెయింటు, ఫినాయిలు, యాసిడ్ వచ్చిన డబ్బాలు ఎంత కడిగినా వద్దు. పారదర్శకంగా ఉన్న డబ్బా కిటికీ పక్కన పెడితే నాలుగు రోజుల్లో పాచి పడుతుంది. ఒక డబ్బా మీద ‘ఈ వారం’, రెండోదాని మీద ‘వచ్చే వారం’ అని చీటీలు అతికించింది మా అమ్మాయి. ఈ వారం డబ్బా ఖాళీ కాగానే కడిగి నింపుతాం, చీటీలు తారుమారు చేస్తాం. వారానికి ఆవిరైనదానికి 6.3 లీటర్లు, మార్చడానికి 10 లీటర్లు. మొత్తం 16.3. కాబట్టి 20 లీటర్లు సరిపోతాయి.

డబ్బా, మగ్గు, గొట్టం మూడూ చేపలకే ప్రత్యేకం. వాటికి సబ్బు, డిటర్జెంట్ తగలకూడదు. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే చాలు. నిండు డబ్బా 20 కిలోల బరువు. దాన్ని పిల్లల చేత ఎత్తించొద్దు. ఒకటిన్నర లీటర్ల జగ్గుతో ముంచి పోయడం వాళ్లకు తేలిక. ఇంట్లో నడక నేర్చే పసివాళ్లుంటే నీళ్లున్న డబ్బా, బకెట్ ఏదైనా వాళ్లకందని చోట, గట్టి మూతతో ఉండాలి. ఈ విషయంలో నిర్లక్ష్యం అసలు పనికిరాదు.

రాగి బిందెలో నిల్వ చేస్తే ఇంకా మంచిది కదా అని చాలామంది అడుగుతారు. మన తాగునీళ్లకు రాగి చెంబు మంచిదని పెద్దలు చెబుతారు గానీ, నీళ్లలోకి దిగే ఆ కొంచెం రాగి కూడా చేపలకు హాని చేస్తుంది. తొట్టిలో నత్తలు, రొయ్యపిల్లలు ఉంటే వాటికి ఇంకా ప్రమాదం. ఇత్తడిలోనూ రాగి ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లూ వద్దు. అవి రాగి గొట్టాలు, దుమ్ము పట్టిన రేకుల మీదుగా వచ్చేవి.

ఇక దోమలు. డెంగీని మోసే దోమ మురికి కాలవలో కాదు, మన ఇంట్లో నిల్వ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. తొట్టిలో ఆ భయం లేదు, గప్పీలు లార్వాలను ఇష్టంగా తినేస్తాయి. పక్కన ఉన్న డబ్బాలో వాటిని తినేవాళ్లు లేరు. అందుకే నింపిన రోజే మూతికి పల్చటి నూలు గుడ్డ సందు లేకుండా కట్టాలి. గాలి ఆడుతుంది, క్లోరిన్ పోతుంది, దోమ రాదు. రెండు రోజుల తర్వాత ఆ గుడ్డ మీదే మూత పెట్టేయవచ్చు. ఈ దోమ గుడ్లు తడి ఆరిన గోడకు అంటుకుని నెలల తరబడి బతకగలవు. కాబట్టి డబ్బా ఖాళీ చేయగానే లోపలి గోడల్ని రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య శాఖ శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమంటుంది. మా డబ్బాల వంతు మారేది కూడా శుక్రవారమే.

అత్తమ్మ అభ్యంతరం

ఇంత ఏర్పాటూ మా అత్తమ్మకు మొదట్లో నచ్చలేదు. ఆమెది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చిన్నప్పటి నుంచి చూసిన ఊరు. మంచినీళ్ల బావికి తెల్లవారుజామునే వెళ్లి, రెండు బిందెలు నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని తెచ్చుకున్న మనిషి. డబ్బాలు చూసి ఆమె నాతో ఒకటే మాట అన్నారు.

“గీ చేపలకు గూడ నీళ్లు దాసిపెడ్తరా బిడ్డా? మా కాలంల మనుషులకే లేకుండె.”

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. మీలో చాలామందికి కూడా ఇది తగిలే ప్రశ్నే. వేసవిలో మన అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లు వస్తాయి. ఒకపక్క నీళ్లు కొంటూ మరోపక్క వారం వారం పది లీటర్లు చేపల కోసం పారబోయడం ఎంతవరకు సబబు? పిల్లల ముచ్చట అని కొట్టిపారేస్తే సరిపోదు. ఎందుకంటే మనం చేసేది చూసే వాళ్లు నీటి విలువ నేర్చుకుంటారు.

మా అమ్మాయి ఆ ప్రశ్నను నాకంటే శ్రద్ధగా పట్టించుకుంది. మార్చిన నీళ్లను పారబోయడం ఆపేసింది. తొట్టిలోంచి తీసిన నీళ్లలో నైట్రేట్ ఉంటుంది, అది మొక్కలకు ఎరువు. బాల్కనీలోని కరివేపాకు, మందార, గోంగూర కుండీలకు ఆదివారం ఆ పది లీటర్లే పోస్తోంది. ఆ రోజు వాటికి వేరే నీళ్లు పోయం. కాబట్టి లెక్క చూస్తే చేపల కోసం అదనంగా ఖర్చయ్యేది ఆవిరైన 6.3 లీటర్లే. వానాకాలంలో అదీ తగ్గుతుంది. తొట్టి మీద అద్దం మూత పెట్టాక ఇంకాస్త తగ్గింది.

అత్తమ్మ ఆ లెక్కంతా విన్నారు. కరివేపాకు చిగురు వేయడం చూశారు. అయినా ఆమె అభిప్రాయం పూర్తిగా మారలేదు. మారాలని నేనూ అనుకోలేదు. నీళ్ల కోసం అంత దూరం నడిచిన మనిషికి ఆ మాట అనే హక్కుంది.

నీళ్లు రాని నాలుగు రోజులు

మొన్నటి మే నెలలో మా ప్రాంతంలో పెద్ద పైపులైను మరమ్మతుకు వచ్చింది. ముందు ఒక రోజన్నారు, అది నాలుగు రోజులైంది. అపార్ట్‌మెంట్ బోరు అప్పటికే ఎండిపోయి ఉంది. ట్యాంకరు కోసం బుక్ చేసిన వాళ్ల వరుసలో మా వంతు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. వాట్సాప్ గ్రూపు నిండా ‘ట్యాంకర్ వచ్చిందా?’ అన్న ప్రశ్నలే. రెండో రోజు పొద్దున్నకు మా బకెట్లు అడుగంటాయి. తాగడానికి క్యాన్లు కొన్నాం. స్నానాలకు, గిన్నెలకు చుక్క లేదు.

ఇంట్లో నీళ్లున్న చోటు ఒకటే. చేపల డబ్బాలు. ఒక డబ్బాలో 20 లీటర్లు, రెండోదాంట్లో 16. మొత్తం 36 లీటర్లు.

వాటిని తీసేసుకోవడం పెద్దవాళ్లుగా మాకు ఎంతసేపు? మనుషుల అవసరం ముందు కదా అని ఒక్క మాటతో ముగించవచ్చు. కానీ రెండేళ్లుగా ‘ఇది నీ బాధ్యత’ అని చెప్పి, అవసరం రాగానే అడక్కుండా తీసుకుంటే ఆ మాటకు విలువేముంటుంది? అందుకని నేనూ మా వారూ దాన్ని అడిగాం. ‘చేపలకు ఎన్ని కావాలి? మాకు ఎన్ని ఇవ్వగలవు?’

అది ఏడుస్తుందేమో, ఒక్క చుక్క కూడా ఇవ్వనంటుందేమో అనుకున్నాను. తన నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చుంది. రోజుకు 0.9 లీటరు ఆవిరి. నాలుగు రోజులకు 3.6, అంటే 4 లీటర్లు. ఆ ఆదివారం నీళ్లు మార్చడం వాయిదా వేసుకోవచ్చు. అందుకోసం మేత తగ్గించాలి. మేత తగ్గితే మలినమూ తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు మేత లేకున్నా ఉండగలవు. ఏ చేపకైనా జబ్బు చేసి వేరే గిన్నెలో పెట్టాల్సి వస్తే 6 లీటర్లు అట్టిపెట్టుకోవాలి. మొత్తం 10.

“నానమ్మా, 26 లీటర్లు నువ్వు తీసుకో. పది మాత్రం ముట్టుకోవద్దు” అంది.

మందు చుక్కలు వేయని నీళ్లు కాబట్టి ఇంటికి వాడుకోవడానికి ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. క్లోరిన్ పోయిన నిల్వ నీళ్లను అలాగే తాగకూడదు. అందులో క్రిములను ఆపేదేమీ మిగలదు. మేం వాటిని స్నానాలకు, గిన్నెలకు మాత్రమే వాడాం.

అత్తమ్మ ఆ 26 లీటర్లను వాడిన తీరు చూడాలి మీరు! తలా మూడు చెంబులతో స్నానం. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెల మొదటి కడుగుడుకు. గిన్నెల రెండో కడుగుడు నీళ్లు బాత్రూంకు. ఒక చుక్క రెండు మూడు పనులు చేసింది. చిన్నప్పుడు నీళ్ల కరువులో నేర్చుకున్న పొదుపు మళ్లీ బయటికొచ్చింది. మూడో రోజు పొద్దున ఆమె మనవరాలిని పిలిచి, “కింద వాచ్‌మన్ ఇంట్ల సంటిపిల్ల ఉంది. ఆళ్లకో చిన్న బిందెడు ఇచ్చిరాపో బిడ్డా” అన్నారు. పాప మిగిలిన నీళ్లలోంచి ఐదు లీటర్లు కొలిచి కిందికి తీసుకెళ్లింది. ఆ సాయంత్రం దాని నోట్‌బుక్‌లో ఒక కొత్త గడి కనిపించింది. ‘కింది ఇంటికి: 5 లీ.’

నాలుగో రోజు రాత్రి నల్లా వచ్చింది. తొట్టిలో చేపలన్నీ క్షేమంగా ఉన్నాయి. డబ్బాలో ఆరు లీటర్లు మిగిలాయి. అందరికంటే ముందు అత్తమ్మే లేచి, ఖాళీ డబ్బాను పీచుతో రుద్ది, నింపి, గుడ్డ కట్టారు. ఇప్పుడు శుక్రవారం డబ్బాలు కడిగే పని ఆమెదే. ‘చేపలకెందుకు’ అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, గుడ్డ ముడి బిగిస్తూనే అంటారు.

మీ పిల్లలు పెద్ద తొట్టి అడిగితే

ఈ సంగతి తర్వాత మా అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో నాలుగడుగుల తొట్టి చూసి వచ్చింది. మనమూ తీసుకుందామా అంది. వద్దని నేను చెప్పలేదు. ‘లెక్క వేసి చూడు’ అన్నాను. పొడవు 120, వెడల్పు 45, నీటి ఎత్తు 45 సెం.మీ. అంటే 243 లీటర్లు. నీటి బరువే 243 కిలోలు. వారానికి ఐదో వంతు మార్చాలంటే దాదాపు 49 లీటర్లు. మట్టం అర సెంటీమీటరు తగ్గితే రోజుకు 2.7 లీటర్లు, వారానికి దాదాపు 19. మొత్తం 68 లీటర్లు. ఇప్పుడున్న డబ్బాల్లాంటివి వారానికి నాలుగు నింపి పెట్టుకోవాలి. నోట్‌బుక్ మూసి, ‘ఇప్పుడొద్దులే’ అంది. ఘనపరిమాణం పాఠం పరీక్షలో ఎన్ని మార్కులు తెస్తుందో తెలియదు గానీ, ఇంట్లో ఒక నిర్ణయానికి మాత్రం పనికొచ్చింది.

మన పిల్లల రోజు స్కూలు బస్సుతో మొదలై స్టడీ అవర్‌తో ముగుస్తుంది. ఇంత పని వాళ్లకెందుకు అని మీకు అనిపించవచ్చు. రోజూ సాయంత్రం గీత చూసి రాయడానికి ఒక నిమిషం, నీళ్లు పోయడానికి ఐదు నిమిషాలు, ఆదివారం అరగంట. యూనిట్ టెస్టుల వారంలో కూడా ఆ నిమిషం దొరుకుతుంది. పోసే నీళ్లు నిన్ననో మొన్ననో నింపి ఉంచినవై ఉండాలి కాబట్టి, మర్చిపోయిన పనిని చివరి నిమిషంలో హడావిడిగా చేసే వీలు ఇందులో లేదు. రేపటి గురించి ఇవాళే ఆలోచించడం వాళ్లకు అలవాటవుతుంది.

వచ్చే సెలవుల్లో మీరు అమ్మమ్మ ఊరికి వెళ్తున్నారనుకోండి. వెళ్లేముందు పిల్లల చేతే ఈ ఏర్పాటు చేయించండి. బయలుదేరే రెండు రోజుల ముందు నీళ్లు మార్చి, తొట్టిని గీత దాకా నింపాలి. ఒక్కొక్కటి లీటరు పట్టే సీసాల్లో నిల్వ నీళ్లు పోసి, మూత పెట్టి, తేదీల చీటీలు అంటించి తొట్టి పక్కన వరుసగా పెట్టాలి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చేటప్పుడు, చీటీ మీది తేదీ చూసి ఆ రోజు సీసా పోస్తే చాలని చెప్పాలి. మేత కూడా రోజుకింత అని చిన్న కాగితాల్లో పొట్లాలు కట్టి ఇస్తే, ప్రేమకొద్దీ ఎక్కువ వేసే ప్రమాదం ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు పక్కింటి వాళ్లకు ఊరి నుంచి కాసిని మామిడిపండ్లు తేవడం మర్చిపోకండి.